కడప వీధుల్లో గైడుతో సైకిల్ టూరు: ఎంతమంది, ఏ వేళకు, ఏ దారిన?

కొత్తగైడు_కడప:

అందరికీ నమస్కారం. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు, కాలేజీ పిల్లలకు కడపను సైకిల్ మీద తిప్పి చూపించే టూరు మొదలుపెట్టాలని ఉంది. కార్లో తిప్పితే కోటిరెడ్డి సర్కిల్ నుంచి దేవుని కడప గుడి దాకా పది నిమిషాల్లో అయిపోతుంది, ఊరు మాత్రం కంట పడదు. ఢిల్లీలో, ముంబైలో ఒక్కో పేట ఒక్కో తీరుగా ఉంటే సైకిల్ మీద తిప్పుతున్నారు. మన దగ్గర దర్గా వీధులు, కోమట్ల అంగళ్ళు, మరియాపురం, వంక గట్టు, గుడి అన్నీ ఒకదానికొకటి సైకిల్ దూరంలోనే ఉన్నాయి కదా.

వేసుకున్న లెక్క ఇది: ఆదివారం ఉదయం 7కు మొదలు. సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, మరియాపురం చర్చి, ఏడు రోడ్లు, వై.వి. స్ట్రీట్, పెద్దదర్గా, బుగ్గవంక, ఆఖరున దేవుని కడప. మొత్తం 15 కి.మీ. లోపు, రెండు గంటలు. 20 మంది, ఒక గైడు. గేరు సైకిళ్ళు బాడుగకు తెద్దామని ఉంది. ఇందులో ఏది నడుస్తుంది, ఏది నడవదు? నిర్మొహమాటంగా చెప్పండి.

వెనకచక్రం:

దూరం బాగానే ఉంది. మిగతావన్నీ మార్చాల్సిందే అన్నా.

ముందు సంఖ్య. ఒకరి వెనక ఒకరు పోతే సైకిలుకు రెండు మీటర్లు, మధ్య ఖాళీ మూడు మీటర్లు వేసుకో. పన్నెండు మందికే అరవై మీటర్ల తోక. ఇరవై మందికి వంద మీటర్లు. ముందున్న గైడు మలుపు తిరిగేసరికి చివరివాడు ఇంకా వెనక వీధిలో ఉంటాడు, మధ్యలో ఒక ఆటో దూరిందంటే గుంపు రెండు ముక్కలు. పది మంది అతిథులు, ఇద్దరు మనుషులు. ఒకరు ముందు, ఒకరు అందరికన్నా వెనక. ఈ రెండో మనిషి లేకుండా టూరు వద్దే వద్దు. గైడు కన్నా ఆయనే ముఖ్యం అంటాను, ఎందుకంటే పంక్చరయ్యేది, చైను ఊడేది, ఫొటో కోసం ఆగిపోయేది అంతా వెనకే. చివరి మనిషి ఎవరినీ దాటి ముందుకు రాకూడదు. ఆయన కనిపిస్తే అందరూ వచ్చినట్టే లెక్క.

ఇద్దరి దగ్గరా ఫోన్లు ఉంటాయి గానీ తొక్కుతూ ఫోను ఎత్తే పని పెట్టుకోవద్దు. విజిల్ చాలు. ఒకటి వేస్తే ఆగండి, రెండు వేస్తే కదలండి.

ఇక మలుపులు. ప్రతి మలుపు దగ్గర గైడు తన వెనకే ఉన్న అతిథిని ఆపి "ఇటు" అని చేయి చూపిస్తూ నిలబడమనాలి. మిగతావాళ్ళు ఆయన చేయి చూసి తిరుగుతారు. చివరి మనిషి వచ్చాక ఆయనతో పాటు కదులుతాడు. తర్వాతి మలుపులో ఇంకొకరు. ఇలా చేస్తే గైడు వెనక్కి తిరిగి తిరిగి చూసుకోనక్కర్లేదు, సందుల్లో ఎవరూ తప్పిపోరు. ఇది చెడేది ఒక్కచోటే: నిలబడ్డ మనిషి "అందరూ వచ్చేసినట్టున్నారు" అనుకొని చివరి మనిషి రాకముందే కదిలిపోతాడు. బయలుదేరే ముందే దీన్ని రెండుసార్లు చెప్పాలి.

ఏడు రోడ్ల దగ్గర, కోటిరెడ్డి సర్కిల్ దగ్గర తొక్కుకుంటూ కుడివైపుకు తిరగొద్దు. విదేశీ ఊళ్ళలో ఇద్దరు గైడ్లు అడ్డంగా నిలబడి బండ్లను ఆపి గుంపును పంపుతుంటారు. ఇక్కడ ఆ పని చేసే అధికారం మనకు లేదు, ఆర్టీసీ బస్సు ఆగదు కూడా. కూడలికి ముందే ఎడమ పక్కన ఆగి, దిగి, సైకిళ్ళు నడిపించుకుంటూ రెండు విడతలుగా దాటండి. ఒక్కో కూడలికి మూడు నిమిషాలు పోతాయి. పోనీయండి.

రెండు గంటల లెక్క కూడా తప్పే. 12 కి.మీ. తొక్కడానికి కొత్తవాళ్ళతో గంట. ఐదు చోట్ల ఆగితే ఇంకో గంట, ఎందుకంటే నాలుగు నిమిషాలు చెప్పే చోట కూడా సైకిళ్ళు నిలబెట్టడం, చెప్పులు విడవడం, నీళ్ళు తాగడం, మళ్ళీ ఎక్కడం కలిపి పన్నెండు నిమిషాలకు తక్కువ కాదు. కూడళ్ళకు, పంక్చరుకు అరగంట. మొత్తం రెండున్నర గంటలు. టూరు అంటే తొక్కడం తక్కువ, ఆగడం ఎక్కువ. దారి కన్నా ముందు ఎక్కడ ఆగాలో ఎంచుకోండి: పన్నెండు సైకిళ్ళు రోడ్డుకు అడ్డం లేకుండా పట్టాలి, నీడ ఉండాలి, ఎవరి అంగడి షట్టరుకూ అడ్డం పడకూడదు. ఈ మూడూ కుదరకపోతే ఎంత గొప్ప చోటైనా ఆగకుండా ముందుకు పొండి.

పంక్చర్_అంగడి:

గేరు సైకిళ్ళు దేనికన్నా? కడప ఊళ్ళో ఎక్కుడు లేదు, పాలకొండల దిక్కు పోతే తప్ప. కొత్తోళ్ళు గేర్లు అడ్డదిడ్డంగా మారుస్తారు, చైను ఊడిపోతాంది, వెనక డీరెయిలరు (గేరు మార్చినప్పుడు చైనును జరిపేది) వంగిపోతాంది. డీరెయిలరు వంగితే రోడ్డు మీద బాగు చేసేది కాదు. మామూలు సింగిల్ స్పీడు సైకిళ్ళు చాలు, చైను కవరు ఉండేవి. చున్నీ, చీర కొంగు, ప్యాంటు అంచు చైన్లో పడేది కవరు లేని వాటికే. వెనక చక్రానికి చీర గార్డు గూడా చూసుకోండి. సగం సైకిళ్ళు అడ్డకడ్డీ లేని లేడీస్ ఫ్రేమువి తీసుకోండి, మొగోళ్ళూ తొక్కొచ్చు, ఆగేటప్పుడు దిగేది సులభం.

బయలుదేరే ముందు ప్రతి సైకిలూ చూడాల్సినవి. పెడల్ కడ్డీని పట్టుకొని అటూ ఇటూ ఊపండి. టక్ టక్ అంటే కాటరు పిన్ను (పెడల్ కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే చీల) వదులైంది. అట్లే తొక్కితే పిన్ను అరిగిపోతాంది, మధ్య దారిలో పెడల్ జారతాంది. నట్టు బిగిస్తే చాలదు, ముందు పిన్నును సుత్తితో కొట్టి కూర్చోబెట్టి ఆమీదట నట్టు బిగించాల. బ్రేకు లివరు గట్టిగా నొక్కితే హ్యాండిలు గ్రిప్పును తాకకూడదు, తాకితే కేబులు లాగాల. బ్రేకు రబ్బరు రిమ్ముకే తగలాల, టైరుకు తగిలితే పక్క కోసేస్తాది. హ్యాండిలు నట్టు చూసేదానికి ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిలు తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిలు తిరిగితే బిగించాల్సిందే.

గాలి: మామూలు 26 అంగుళాల లావు టైరుకు 40 నుంచి 50 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత). టైరు పక్కన రాసింటారు, దాని కన్నా మించొద్దు. తక్కువుంటే గుంతలో పడినప్పుడు రిమ్ము, రాయి మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు బొక్కలు పడతాయి. బరువైన మనిషి కూర్చునే సైకిలుకు వెనక చక్రంలో అయిదు ఎక్కువ కొట్టండి.

సీటు ఎత్తు: సీటు మీద కూర్చొని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కిందికి పోయినప్పుడు కాలు సాఫీగా చాచుకోవాల. కానీ పదేండ్లుగా సైకిలు ముట్టనోళ్ళకు ఇంకో అంగుళం దించండి, రెండు కాళ్ళ వేళ్ళు నేలకు ఆనాల. మోకాలు కొంచెం నొచ్చినా పడిపోరు.

ఇంగ పంక్చరు. బుగ్గవంక గట్టు పక్కన, దేవుని కడప చెరువు దిక్కు పల్లేరుకాయలు, కంపముండ్లు ఉంటాయి. మట్టి దావలోకి దిగనీయొద్దు, తారు మీదనే పోండి. ఎగస్ట్రా ట్యూబులు తెచ్చుకుంటే పని అయిపోతాది అనుకుంటారు గానీ మామూలు సైకిలుకు ట్యూబు మార్చాలంటే వెనక చక్రం, చైను కవరు, స్టాండు, క్యారియరు పుల్లలు అన్నీ విప్పాల. ఇరవై నిమిషాలు. అదే ప్యాచ్ అయితే చక్రం విప్పే పనే లేదు. చైను లేని ఎడమ పక్క నుంచి టైరు ఎత్తి ట్యూబు బయటికి లాగాల. గాలి కొట్టి బొక్క యాడ ఉందో చూడాల. ఉప్పు కాగితంతో గరుకు చెయ్యాల, సొల్యూషన్ పల్చగా పూయాల, మూడు నిమిషాలు ఆరనీయాల. తడి మీదనే ప్యాచ్ అంటిస్తే అర కిలోమీటరు పోకముందే లేచిపోతాది, అందరూ చేసే తప్పు ఇదే. రెండో తప్పు, టైరు లోపల ముల్లు వెతక్కపోవడం. గుడ్డ ముక్కతో టైరు లోపల చుట్టూ తుడవండి, ముల్లు ఉంటే గుడ్డ తగులుకుంటాది. వేలు పెట్టొద్దు, కోసుకుంటాది.

గాలి పోయినప్పుడల్లా పంక్చరే అనుకోవద్దు. మామూలు సైకిళ్ళ వాల్వులో సన్న రబ్బరు గొట్టం ఉంటాది, ఎండకు చీలిపోతాది. వాల్వు మీద ఎంగిలి రాయండి. బుడగ వస్తే రబ్బరు మార్చండి, ఒక్క నిమిషం పని. ఆ రబ్బరు ఒక జానెడు జేబులో పెట్టుకోండి. సంచిలో ఇవి ఉంటే చాలు: చిన్న పంపు, టైరు లివర్లు రెండు, ప్యాచ్‌లు, సొల్యూషన్ (తెరిచిన ట్యూబు ఎండిపోతాది, కొత్తది పెట్టుకోండి), ఉప్పు కాగితం, 15 నంబరు స్పానరు, స్క్రూ డ్రైవరు, చిన్న సుత్తి. స్పానరు మీ సైకిళ్ళ నట్లకు పడతాదో లేదో ఇంటికాడనే పెట్టి చూసుకోండి.

పాతకడప:

సైకిళ్ళ సంగతి పైవాళ్ళు చెప్పారు. నేను వారం, వరస గురించి.

మీరు ఎంచుకున్న ఆదివారానికి ఒక చిక్కు. ఉదయం చర్చిలో ప్రార్థనలు. అప్పుడు పన్నెండు మంది హెల్మెట్లతో ఆవరణలోకి పోతే చూడటానికి బాగుండదు. పోనీ శనివారం అంటే వెంకటేశ్వరస్వామి వారం, దేవుని కడపలో రద్దీ. గురు, శుక్రవారాల్లో పెద్దదర్గాలో జనం. ఇలా ఈ ఊళ్ళో ప్రతి రోజూ ఎవరో ఒకరిదే. సోమ, మంగళ, బుధవారాలు అన్నిటికీ వీలు. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చేది ఆదివారమే కాబట్టి తప్పదంటే చర్చిని వీధిలోంచే చూపించి ముందుకు పొండి, లోపలికి పోవడం వేరే రోజు వచ్చే గుంపులకు ఉంచండి. ఉరుసు రోజుల్లో దర్గా వీధులకు, బ్రహ్మోత్సవాల్లో దేవుని కడపకు సైకిళ్ళు తీసుకుపోవద్దు.

ఉగాది సంగతి వేరు. ఆ రోజు ముస్లింలు కూడా దేవుని కడపకు వచ్చి వెంకటేశ్వరస్వామిని దర్శించుకునే ఆనవాయితీ ఉంది. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని వాళ్ళ నమ్మకం. మీ టూరులో చెప్పాల్సిన అసలు మాట ఇదే, చెప్పండి. కానీ ఆ రోజు గుంపును తోలుకొనిపోయి మొక్కుకునేవాళ్ళ ముఖాల మీద కెమెరా పెట్టొద్దు. చూడాలనుకునేవాళ్ళు సైకిలు ఇంట్లో పెట్టి నడిచి రావచ్చు.

వరస తిరగేయండి. ఊరి మధ్య నుంచి చల్లని పూట అందరికన్నా దూరం ఉన్న దేవుని కడపకు ముందు పొండి. అక్కడి నుంచి దర్గా వీధులు, ఆ తర్వాత వై.వి. స్ట్రీట్, ఏడు రోడ్లు, మరియాపురం, చివర బ్రౌన్ గ్రంథాలయం. ఎందుకంటే వై.వి. స్ట్రీట్‌ను అంగళ్ళు తెరవకముందే దాటాలి. తర్వాత అక్కడ నడిచేదే కష్టం, ఇక సైకిలెక్కడ. పాత ఢిల్లీలో చాందినీ చౌక్ టూర్లు తెల్లారుతూనే బయలుదేరేదీ ఇందుకే. మీ ఏడు గంటలు ఆలస్యం. వేసవిలో 5.45కు, చలికాలంలో 6.30కి కదలండి. జనవరిలో తెల్లారేదే ఆరున్నర దాటాక కాబట్టి అంతకు ముందు వద్దు.

ఒక్కోచోట ఏం చెప్పాలో నాలుగు నిమిషాల్లో కుదించుకోండి. దేవుని కడపలో అన్నమయ్య కడపరాయుడి మీద కీర్తనలు పాడాడని, ఉగాది ఆనవాయితీ అని రెండే మాటలు. బ్రౌన్ దగ్గర మాత్రం కాస్త నిలబడండి. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన మనిషి ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఈ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం. తెలుగువాళ్ళ గుంపైతే ఇక్కడ పది నిమిషాలైనా విసుక్కోరు. దర్గాకు సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్ వస్తారు, ఫలానా హీరో వచ్చారు అనే కబుర్లు అతిథులే ఎత్తుతారు, గైడు వాటిని పెంచొద్దు.

బట్టలు, చెప్పులు: దర్గాలో తలకు గుడ్డ కావాలి. పది పెద్ద చేతిరుమాళ్ళు సంచిలో ఉంచుకోండి. పొట్టి నిక్కర్లతో వచ్చేవాళ్ళు ఉంటారు కాబట్టి రెండు లుంగీలు కూడా. లేసుల బూట్లు వద్దని ముందే చెప్పండి, విప్పి కట్టుకోవడానికే సమయమంతా పోతుంది. హవాయి చెప్పులు కూడా వద్దు, పెడల్ మీద జారతాయి. వెనక పట్టీ ఉన్న శాండల్స్ అయితే రెండు విధాలా మేలు. సైకిళ్ళకు ఒక పొడుగాటి గొలుసు వేసి చివరి మనిషి కాపలా ఉండాలి, అందరూ ఒకేసారి లోపలికి పోకూడదు.

మెట్టదారి:

వారం విషయంలో పైన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవించను. ఆదివారం ఉదయం రోడ్ల మీద స్కూలు బస్సులు, ఆఫీసు బండ్లు ఉండవు. కొత్తగా తొక్కేవాళ్ళకు ఆ ఒక్క కారణం చాలు. చర్చి లోపలికి పోకపోయినా టూరుకు లోటు లేదు. సోమవారం ఎనిమిదింటికి స్కూలు పిల్లల ఆటోల మధ్య పది మంది కొత్తవాళ్ళను తోలడం ప్రమాదం. పని దినాల్లో పెట్టాలంటే ఏడున్నరకే పెద్ద రోడ్లన్నీ దాటేసి ఉండాలి, అంటే వేసవిలోనే కుదురుతుంది.

ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఎనిమిదిన్నర తర్వాత సైకిలు మీద ఎవరూ ఉండకూడదు. మనిషికి లీటరు నీళ్ళు సైకిలుకే కట్టి ఉండాలి. నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచుకోండి. పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి. సీసాలో సగం నీళ్ళే ఉన్నాయని పొట్లమంతా పోస్తే ఉప్పు ఎక్కువై మేలు కన్నా కీడు. ఎవరైనా మాట తడబడినా, వణికినా, చెమట ఆగిపోయినా "ఇంకొంచెం దూరమే" అనొద్దు. నీడకు చేర్చి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టి 108కి ఫోను చేయండి. గీరుకుపోతే కడగడానికి మంచినీళ్ళు, బెటడిన్, గాజు గుడ్డ, ఒక క్రేప్ బ్యాండేజీ చాలు.

కుక్కలు. తెల్లవారుజామున సందుల్లో గుంపుగా వెంటపడతాయి. వేగం పెంచితే అవీ పెంచుతాయి. గైడు ముందే ఆగాలి, అందరూ దిగి సైకిలును కుక్కకూ తమకూ మధ్య పెట్టుకొని నడవాలి. సాధారణంగా అక్కడితో వదిలేస్తాయి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి. కాబట్టి సంచిలో సబ్బు ముక్క కూడా.

ఫొటోలు: ఇళ్ళ ముందు ముగ్గులేసేవాళ్ళను, కుళాయి దగ్గర నీళ్ళు పట్టేవాళ్ళను అడక్కుండా తీయొద్దు. ముంబై ధారావిలో నడక టూర్లు నడిపేవాళ్ళు ఫొటోలు వద్దని నియమమే పెట్టుకున్నారు. ఇక్కడ అంత అక్కర్లేదు గానీ సందుల్లో కెమెరా లోపల, కూడళ్ళలో బయట అని చెబితే అందరికీ అర్థమవుతుంది. ఇంకోటి, మనుషులుండే వీధిలో నిలబడి వాళ్ళ మతం గురించి, పేదరికం గురించి గట్టిగా వ్యాఖ్యానం చేయొద్దు. వాళ్ళకూ తెలుగు వచ్చు. అలాంటివి ముందు ఆగిన చోటే చెప్పుకొని రావాలి.

కొత్తగైడు_కడప:

చాలా మేలు చేశారు. పది మంది, ఇద్దరం, మామూలు సైకిళ్ళు, వరస తిరగేసి వేసవిలో 5.45కు, చలికాలంలో 6.30కి మొదలు. ఒక్క సందేహం మిగిలింది: టిఫిను ఎక్కడ పెట్టాలి? మధ్యలో కారం దోశ పెడితే అందరూ సంతోషిస్తారు అనుకున్నా.

పంక్చర్_అంగడి:

మధ్యలో వద్దన్నా. కారం దోశ తిని ఎండలో తొక్కితే దప్పికతో అల్లాడతారు. పైగా ఒక పెనం మీద ఒకసారికి రెండు మూడే పడతాయి, పన్నెండు మందికి ముప్పావు గంట. ముందు తిన్నోళ్ళు కాళ్ళు ఊపుకుంటా కూర్చుంటారు, చివరోళ్ళు చల్లారిన చట్నీతో తింటారు.

వెనకచక్రం:

మధ్యలో పెట్టాల్సిందే అయితే ఉగ్గాని (బొరుగులతో చేసేది), బజ్జి. ఉగ్గాని కలిపి పెట్టే ఉంటుంది, పొట్లం కట్టి చేతికిస్తారు, పది నిమిషాల్లో పని అయిపోతుంది. బజ్జీలు మాత్రం ముందురోజు సాయంత్రమే చెప్పి ఉంచండి. దోశ టూరు ముగిశాక, సైకిళ్ళు అప్పజెప్పిన తర్వాత. ఎంతసేపైనా కూర్చోవచ్చు, మిగిలిన ప్రశ్నలన్నీ అడిగేది అక్కడే. ఇంకోటి, మొదటి గుంపును పిలిచే ముందు మీరిద్దరే అదే రోజు, అదే వేళకు ఆ దారంతా ఒకసారి తొక్కి ప్రతి ఆగే చోటా గడియారం చూసి రాసుకోండి. మ్యాపులో కనిపించని డ్రైనేజీ తవ్వకాలు, అడ్డం పెట్టిన ఇటుకలు, కొత్త స్పీడు బ్రేకర్లు అప్పుడే బయటపడతాయి. గుంపు వచ్చే ముందు రోజు సాయంత్రం ఇంకోసారి.